సోలార్ ఉన్నా కరెంటు పోతే ఆగిపోతోంది. అమ్మ ఆక్సిజన్ మెషీన్‌కి ఏం పెట్టాలి?

సోంపేట అమ్మాయి:
మాది సోంపేట దగ్గర పల్లెటూరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వచ్చినప్పుడు కొబ్బరి, జీడి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ పడిపోయాయి. రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాం. అప్పుడు అమ్మ బాగానే ఉండేది, కొవ్వొత్తులతో గడిచిపోయింది. ఇప్పుడు అలా కుదరదు. నిమిషానికి ఐదు లీటర్ల దాకా ఆక్సిజన్ ఇచ్చే మెషీన్ (కాన్సన్‌ట్రేటర్) రాత్రంతా నడవాలి, పగలు కూడా చాలాసేపు. దాని వెనక 350 వాట్లు అని రాసి ఉంది.

పోయినేడాది సబ్సిడీ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. "ఇంక మీకు కరెంటు బాధ లేదమ్మా" అన్నాడు పెట్టినాయన. మొన్న మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతుండగా కరెంటు పోయింది, సోలార్ కూడా ఆగిపోయింది. నలభై నిమిషాల పాటు అమ్మ వేలికి ఆక్సిజన్ శాతం చూపే క్లిప్పు పెట్టి చూస్తూ కూర్చున్నాను. 93 నుంచి 86కి దిగింది. ఆ టెన్షన్ మళ్లీ పడలేను. జనరేటర్ కొనాలా, బ్యాటరీలు పెట్టాలా? లక్ష దాకా పెట్టగలం.

విజయనగరం ఎలక్ట్రీషియన్:
అమ్మా, మీ సోలార్ పాడవలేదు. బ్యాటరీ లేకుండా కరెంటు లైనుకే కలిపిన (ఆన్‌గ్రిడ్) సిస్టమ్ అంతే, లైన్లో కరెంటు లేకపోతే అదీ ఆగిపోవాలి. లేకపోతే మీ ఇంటి కరెంటు లైన్లోకి వెళ్లి, స్తంభమెక్కి పనిచేసే లైన్‌మ్యాన్‌కి షాక్ కొడుతుంది. మీకు ఆ సంగతి ముందే చెప్పాల్సింది.

లెక్క చూడండి. 350 వాట్లు 24 గంటలు నడిస్తే 8.4 యూనిట్లు. 12 వోల్టుల, 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ బ్యాటరీలు రెండు కలిపితే కాగితం మీద 3.6 యూనిట్లు. పూర్తిగా ఖాళీ చేయకూడదు, ఇన్వర్టర్‌లో కొంత పోతుంది. చేతికొచ్చేది ఆరు గంటలు. మామూలు కోతలకు అది చాలు. ఇన్వర్టర్ మాత్రం లైను కరెంటు లాంటి కరెంటే ఇచ్చే ప్యూర్ సైన్‌వేవ్‌దే తీసుకోండి. దాని మీద కాన్సన్‌ట్రేటర్, ఒక లైటు, ఒక ఫ్యాను, అంతే. ఫ్రిజ్, మోటారు జోలికి పోవద్దు.

సోలార్‌కీ బ్యాటరీకీ రెండింటికీ పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్, లిథియం బ్యాటరీ పెడితే పగలు మీ ప్యానెళ్లే ఛార్జ్ చేస్తాయి. కానీ తుపాను మబ్బుల్లో వాటి నుంచి పెద్దగా ఏమీ రాదు. సబ్సిడీ సిస్టమ్ మార్చే ముందు డిస్కం (కరెంటు సంస్థ) వాళ్లను అడగండి.

గాజువాక:
2014లో హుద్‌హుద్‌కి మా ఇంట్లో చిన్న పెట్రోలు జనరేటర్ ఉండేది. రెండో రోజుకే పెట్రోలు అయిపోయింది. కరెంటు లేక బంకులు నడవలేదు, నడిచిన చోట మైలు క్యూ. వానకి తడుస్తుందని మావాళ్లు దాన్ని వరండాలో పెట్టి తలుపులు మూశారు. కాసేపటికే అందరికీ తలనొప్పి, వాంతులు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుందండి, వాసన కూడా రాదు. మీ అమ్మగారి ఊపిరితిత్తులకైతే మరీ ప్రమాదం. జనరేటర్ కొంటే బయట, కిటికీలకు దూరంగా, పైన రేకు వేసి పెట్టండి. లైనూ జనరేటరూ ఒకేసారి కలవకుండా చూసే ఛేంజోవర్ స్విచ్ లేకుండా మాత్రం ఇంటి వైరింగ్‌కి కలపకండి. పక్కన ఒక ఆక్సిజన్ సిలిండర్ నింపి ఉంచుకోండి. బీ టైపుదైతే నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పన్నెండు గంటల దాకా వస్తుంది.

సోంపేట అమ్మాయి:
ఇద్దరికీ దండాలు. సిలిండర్ సంగతి నాకు తట్టనేలేదు, ముందు అదే తెచ్చాను. డాక్టరుగారిని అడిగితే అమ్మకు రెండు లీటర్లే పెట్టమన్నారు. తర్వాత ఇన్వర్టర్, రెండు బ్యాటరీలు. టీవీ కూడా కలపమని ఇంట్లో అడిగారు, నేను ఒప్పుకోలేదు. పెద్ద తుపాను కోసం చిన్న జనరేటర్ దసరాలోపు కొంటాం. కొన్ని గంటలు దాన్ని నడిపి మెషీన్‌తో పాటు బ్యాటరీలూ ఛార్జ్ చేసుకుని, తర్వాత ఆపేస్తాం.

నిన్న రాత్రి సిలిండర్ పక్కన పెట్టుకుని, తొమ్మిదింటికి మెయిన్ ఆపేసి చూశాను. ఇన్వర్టర్ బీప్ కొట్టేసరికి టైము రెండు గంటల యాభై నిమిషాలయింది. అమ్మ నిద్ర లేవలేదు. క్లిప్పులో 94 ఉంది.