వడ్లూరులో పూజ చేస్తే అభిమానం, మా పేటలో ఒకే గుర్తుకి నొక్కితే గొర్రెలమా?

కాలవగట్టు

ఆయ్, అందరికీ నమస్కారమండి. చాన్నాళ్ళ నుంచి మనసులో నలుగుతున్న మాట ఇక్కడ పెడుతున్నా, తిట్టేవాళ్ళు కాస్త నెమ్మదిగా తిట్టండి.

2024లో అమెరికా ఎలక్షన్లప్పుడు మన తణుకు పక్కన వడ్లూరులో పూజలు చేశారు గుర్తుందా, రిపబ్లికన్ల ఉపాధ్యక్ష అభ్యర్థి జె.డి. వాన్స్ భార్య ఉషా వాన్స్ గారి పూర్వీకుల ఊరు కదా అది. అటు తమిళనాడులో తులసేంద్రపురం వాళ్ళు కమలా హారిస్ తాతగారి ఊరు మాదేనని వాళ్ళ గుళ్ళో చేశారు. మా టీకొట్టు దగ్గర టీవీ చూస్తూ అందరూ "మన పిల్లండీ బాబూ" అని ఒకటే మురిసిపోడం. ఉష గారి మొగుడి పార్టీ ఏంటి, వీసాల మీద వాళ్ళేమంటున్నారు, ఒక్కడు అడిగితే ఒట్టు. సరే, నాక్కూడా సరదాగానే అనిపించింది.

అదే టీకొట్టు, అదే బెంచీ. మన ఎలక్షన్ల మాట రాగానే ఒకాయన, ఎస్సీ పేటవాణ్ణి కదా, నావైపు తిరిగి "మీ పేటోళ్ళకేవుందిరా, పాస్టరు చెప్తే చాలు గుంపగుత్తగా గుద్దేస్తారు, ఆలోచనుండదు" అనేశాడు. వాళ్ళింట్లో 83 నుంచి ఒకే గుర్తు. అది మాత్రం సిద్ధాంతవంట.

నా డౌటు ఏంటంటే, తక్కువ సంఖ్యలో ఉన్నోళ్ళంతా ఒకేవైపు వేస్తే అది మనవాళ్ళన్న రక్తం లాగడమా, పార్టీ మీద నమ్మకమా, ఇంకేదన్నానా?

రావులపాలెం బస్సు

బ్రో, పూజకీ ఓటుకీ పోలికేంటి. వడ్లూరు వాళ్ళకి అక్కడ ఓటుందా ఏంటి, కొబ్బరికాయ కొడితే అయిపోయింది. నువ్వు వేసే ఓటుతో ఐదేళ్ళు నడుస్తుంది. నేను మీ పేటని అనట్లేదు, ఎవరైనా సరే అందరూ ఒకే బుట్టలో పడ్డారంటే ఆ పార్టీవోడికి నువ్వంటే లెక్కుండదు, "వాళ్ళ ఓట్లెక్కడికి పోతాయిలే" అంటాడు. అమెరికాలో బైడెన్ 2020లో ఒక రేడియో ఇంటర్వ్యూలో నాకా ట్రంప్‌కా అని తేల్చుకోలేకపోతే నువ్వు నల్లోడివే కాదు అన్నాడు, తర్వాత నాలిక్కరుచుకుని తప్పయిందన్నాడు. నోరు జారిందంటారు గానీ నోట్లో ఉంటేనే కదా జారేది.

టెక్సాస్ గోదారోడు

మాది పాలకొల్లు, పన్నెండేళ్ళ నుంచి డాలస్ దగ్గరుంటున్నా. బస్సు గారూ మీరన్నది నిజమే కానీ కథ మధ్యలోంచి మొదలెట్టారు. ఇక్కడ నల్లవాళ్ళు పుట్టుకతో డెమోక్రాట్లు కాదండి, లింకన్ పార్టీ అని తరాల తరబడి రిపబ్లికన్లకే వేసేవాళ్ళు, అసలు సౌత్‌లో చాలామందికి ఓటే వెయ్యనిచ్చేవాళ్ళు కాదనుకోండి. 1932 ఆర్థిక మాంద్యంలో కూడా మెజారిటీ రిపబ్లికన్ హూవర్‌తోనే ఉన్నారు. డెమోక్రాట్ రూజ్‌వెల్ట్ వచ్చి పనులూ రిలీఫూ ఇచ్చాక 1936లో అటు మళ్ళారు. అయినా 1960లో రిపబ్లికన్ నిక్సన్‌కి దాదాపు మూడోవంతు పడ్డాయి.

ఆ 60 ఎలక్షన్ ముందు అక్టోబర్లో మార్టిన్ లూథర్ కింగ్‌ని జార్జియాలో జైల్లో పెడితే డెమోక్రాట్ల అభ్యర్థి కెనడీ కింగ్ భార్యకి ఫోన్ చేసి పలకరించాడు, తమ్ముడు రాబర్ట్ జడ్జికి ఫోన్ చేశాడు. నిక్సన్ గమ్మునున్నాడు. కింగ్ వాళ్ళ నాన్న కూడా పాస్టరే, అప్పటిదాకా కెనడీ కాథలిక్ అని వద్దన్న మనిషి, ఆ ఫోన్‌తో ఇటు తిరిగిపోయాడు. తర్వాత 64లో పౌరహక్కుల చట్టం వచ్చింది, రిపబ్లికన్ల తరఫున నిలబడ్డ గోల్డ్‌వాటర్ సెనేట్లో దానికి వ్యతిరేకంగా ఓటేశాడు, అంతే, ఆ ఏడు డెమోక్రాట్ జాన్సన్‌కి నూటికి తొంభై పైనే పడ్డాయి. ఇది రక్తం కాదండి, ఆపదొచ్చిన రాత్రి మన గుమ్మంలో ఎవరు నిలబడ్డారు అన్న జ్ఞాపకం.

కొబ్బరాకు

జ్ఞాపకం జ్ఞాపకం అని కవిత్వం చెప్తున్నారు. ఒబామాకి 2008లో 95 శాతం ఎందుకు పడ్డాయి సార్? రంగు చూసి కాదా? కోలిన్ పావెల్ అంతటోడు, బుష్ దగ్గర మంత్రి చేసిన రిపబ్లికన్, చివరి నిమిషంలో ఒబామాకి జై కొట్టాడు. మా కులపోడు నిలబడితే మేం వేసినా ఇదే, ఒప్పుకుంటే పోయిందేముంది.

టెక్సాస్ గోదారోడు

95 నిజమే. దానికి నాలుగేళ్ళ ముందు తెల్లాయన జాన్ కెర్రీకి ఎంత పడ్డాయో చూడండి, ఎగ్జిట్ పోల్స్‌లో 88. అంటే రంగు కోసం కొత్తగా వచ్చింది ఓ ఏడు, మిగతావి ఎవరు నిలబడ్డా పడేవే. పావెల్‌ని ఆరోజు కులపోడి కోసం దూకేశాడని రేడియోల్లో ఎటకారం చేశారు. ఆయన 2016లో హిల్లరీకి వేస్తానన్నాడు, 2020లో బైడెన్‌కి మద్దతిచ్చాడు, మరి వీళ్ళిద్దరిదీ ఏ రంగు?

ఇంకో ముక్క. 2022లో జార్జియా సెనేట్ సీటుకి రెండువైపులా నల్లవాళ్ళే. రిపబ్లికన్ల తరఫున హెర్షల్ వాకర్, ఫుట్‌బాల్లో ఆ రాష్ట్రం మొత్తానికి దేవుడు. ఇటు డెమోక్రాట్ల వార్నాక్, కింగ్ పనిచేసిన చర్చికే పాస్టరు. నల్లవాళ్ళ ఓట్లు ఇంచుమించు అన్నీ వార్నాక్‌కే పడ్డాయి. రక్తమే పనిచేసేదైతే సగం సగం చీలాలి కదండీ.

మా ఇండియన్లని చూస్తే ఇంకా తమాషాగా ఉంటది. ఊళ్ళో ఉన్నప్పుడు మైనారిటీలని బుజ్జగిస్తున్నారు అని వాట్సాప్‌లో ఫార్వర్డులు పెట్టేవాడే ఇక్కడికొచ్చాక మైనారిటీల పార్టీ అని డెమోక్రాట్లకి వేస్తాడు. 2024లో కొంత తగ్గింది గానీ సగం పైన ఇప్పటికీ అటే. సంఖ్య తగ్గగానే బుద్ధి మారింది చూశారా.

పూతరేకు

ఆ చివరి మాట మా బావగారి గురించేనా అండి 😂 అచ్చు ఇదే కేసు

లంక మాస్టారు

కుర్రాళ్ళు బాగా మాట్లాడుతున్నారు. రిటైరైన బడిపంతులుని, ఎలక్షన్ డ్యూటీలు చాలా చేశాను, నాదీ ఓ నాలుగు ముక్కలు.

జార్జియా దాకా ఎందుకు నాయనా. మన అమలాపురం పార్లమెంటు ఎస్సీ రిజర్వుడు. అమలాపురం, రాజోలు, పి.గన్నవరం అసెంబ్లీలూ రిజర్వుడే. ప్రతి ఎలక్షన్‌కీ అన్ని పార్టీల నుంచీ నిలబడేది ఎస్సీలే, అక్కడ మనోడా కాదా అన్న ప్రశ్నే లేదు. అంబేద్కర్ గారు మా వాళ్ళ ప్రతినిధిని మా వాళ్ళే ఎన్నుకోవాలని ప్రత్యేక నియోజకవర్గాలు అడిగితే గాంధీ గారు నిరాహార దీక్షకి కూచున్నారు, 1932లో పూనా ఒప్పందం అయింది, సీటు మనది, ఓటు మాత్రం ఊరందరిదీ. కాబట్టి మన దగ్గర గెలిచే ఎస్సీ నాయకుడు పేట కంటే ఊరు మొహమే ఎక్కువ చూడాలి. ఇది ఎవర్నీ నిందించడం కాదు, లెక్క అట్టా ఉంది.

కొబ్బరాకు బాబూ, కులపోడు నిలబడితే వేస్తాం అన్నావు. చిరంజీవి గారి సొంతూరు మొగల్తూరు. పక్కనున్న పాలకొల్లులో 2009లో ఓడిపోయారు, కాంగ్రెస్ తరఫున నిలబడ్డ బంగారు ఉషారాణి గారి చేతిలో. ఎక్కడో తిరుపతిలో గెలిచారు. 2019లో పవన్ కళ్యాణ్ గారు భీమవరంలో పోయారు, ఆ పార్టీకి రాష్ట్రం మొత్తమ్మీద వచ్చింది ఒక్కటే సీటు, ఏది? రాజోలు, రిజర్వుడు సీటు! కులం లెక్కలు చెప్పే వాళ్ళందరూ ఆ రాత్రి ఏం తిన్నారో.

అలాగని అంతా పార్టీయే అని కూడా అనను. 2022 మే 24న జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టొద్దని అమలాపురంలో గొడవలై మంత్రిగారి ఇల్లు కూడా తగలబెట్టారు. ఆ వారం పేటల్లో ఎవరూ మేనిఫెస్టోలు చదవలేదు. మన తరఫున గొంతెత్తింది ఎవరు, నోరు మూసుకుంది ఎవరు అని చూశారు. ఇందాక టెక్సాస్ అబ్బాయి చెప్పిన టెలిఫోన్ లాంటిదే.

రావులపాలెం బస్సు

మాస్టారూ దండం. కానీ చర్చిలో చెప్పినట్టు వేస్తారన్న దానికి మాత్రం ఎవరూ జవాబివ్వలేదు.

పూతరేకు

నేనిస్తా. మా పేటలో చర్చిలు మూడు, లూథరనూ, బ్రదరెనూ, పెంతెకోస్తూ. క్రిస్మస్‌కి క్యారల్స్ వాళ్ళు ముందు ఏ వీధి తిరగాలన్న దానికే ముగ్గురూ కలిసింది లేదు, మైకు సౌండు మీద ఒకసారి పంచాయితీ కూడా అయింది. వీళ్ళు అందరి చేతా ఒకే మీట నొక్కిస్తున్నారంటే పాస్టర్లే నవ్వుతారండి.

పైగా సగం మంది కాగితం మీద క్రిస్టియన్లే కాదు. ఎస్సీలెవరో తేల్చిన 1950 రాష్ట్రపతి ఆర్డరు ప్రకారం మతం మారితే ఎస్సీ పోతుంది, బీసీ-సీలోకి వెళ్తారు, దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. సిక్కులకీ బౌద్ధులకీ తర్వాత సడలించారు, మాకు లేదు. అందుకని ఆదివారం ఒకటీ, సర్టిఫికెట్లో ఇంకోటీ. ఎవరొస్తే ఈ సర్టిఫికెట్ జోలికి రారు అనేది మా ఇంట్లో ఓటేసే ముందు నిజంగా మాట్లాడుకుంటాం, అది ఆలోచన కాదా మరి? టీకొట్టు పెద్దమనిషికి ఆ భయం లేదు కాబట్టి ఆయనకి ఆలోచనలా కనపడదు.

కొబ్బరాకు

సరే ఈ పాయింటు కొత్తది, ఒప్పుకున్నా. పాలకొల్లు గాయం మాత్రం కెలక్కండి మాస్టారూ.

కాలవగట్టు

అందరికీ థాంక్సండి. టెక్సాస్ అన్నగారి మాట మా మామ్మకి సరిపోయింది. ఆవిడకి ఇంటి స్థలం పట్టా చేతికొచ్చింది కాంగ్రెస్ గుర్తు ఆవూదూడగా ఉన్న రోజుల్లో, తర్వాత అది చెయ్యి గుర్తయింది, చెయ్యి తప్ప ఇంకోటి తెలీదు. 2014లో రాష్ట్ర విభజన బిల్లు పాసయ్యాక ఆ పార్టీకి మన దగ్గర ఒక్క సీటూ రాలేదు కదా, ఆ ఎలక్షన్లో బూత్‌లోంచి బయటికొచ్చి "చెయ్యి చిన్నదైపోయిందిరా, కళ్ళకానలేదు" అంది. నలభై ఏళ్ళు పట్టుకున్న మనిషి తర్వాత పేటతో పాటే మారింది, అడిగితే "అందరూ అటే కదా" అంది.

ఆ "అందరూ" దగ్గరే నా అనుమానం, ఇది ఎవరూ అనలేదు. మన ఓటు రహస్యం, కానీ పేట ఓటు రహస్యం కాదు. ఫారం 20 అని బూత్ వారీగా ఎవరికెన్ని పడ్డాయో నెట్‌లోనే పెడతారు. మా పేట బూత్ ఎలిమెంటరీ స్కూల్లో, అందులో దాదాపు మేమే. పేపర్ బ్యాలెట్ రోజుల్లో కట్టలు కలిపి లెక్కపెట్టిన సందర్భాలున్నాయని విన్నా, ఈవీఎం వచ్చాక ఏ మిషన్‌లో ఎన్నో విడిగా తెలిసిపోతాయి. అన్నీ కలిపి లెక్కేసే టోటలైజర్ పెడదామని ఎన్నికల సంఘం 2008లోనే కేంద్రాన్ని అడిగింది, ఇంతవరకూ లేదు. ఇంక పేటంతా ఒకటిగా ఉంటేనే రోడ్డైనా కుళాయైనా అడగొచ్చు, చీలితే ఇద్దరికీ చెడ్డ, అలాంటప్పుడు ఎవడైనా పక్కోడి మొహం చూసే కదా వేస్తాడు. అమెరికాలో కూడా ఇంతేనేమో, చర్చిలో, బార్బర్ షాపులో ఎదురుపడేది మనవాళ్ళకే.

2024 మే 13న నేను మొదటిసారి వేరేదానికి నొక్కా. ఏదని అడగొద్దు, కారణం కూడా పెద్దదేం కాదు, మా డ్రైనేజీ గురించి మూడేళ్ళు తిరిగినా పలకని మనిషి మీద కోపం. రిజల్ట్స్ వచ్చాక లోకల్ లీడరు ఒకాయన ఫోన్లో బూత్ లెక్క తీసి, చర్చి అరుగు మీద కూచుని, ఆ గుర్తుకి పడ్డ పందొమ్మిది ఓట్లూ ఎవరెవరివో వేళ్ళ మీద లెక్కెట్టాడు. వాలంటీరు కుర్రోడి ఇల్లు, బెల్లంకొట్టు వాళ్ళు, కువైట్ నుంచొచ్చిన ఇద్దరు... నేను పక్కనే నిలబడ్డా, నా పేరు రాలేదు. పందొమ్మిదోది మా మామ్మ! కళ్ళు సరిగా కనపడక పొరపాటున నొక్కేసుంటదిలే అని అందరూ నవ్వారు.

ఇంటికెళ్ళి మామ్మా నువ్వు అటు నొక్కావంటున్నారే అన్నా. మంచం మీంచి లేవకుండానే "అనుకోనీరా, ముసల్దాన్ని, నన్నేం చేస్తారు" అని అటు తిరిగి పడుకుంది.