రైతు సంఘం నాయకుడు ఎంపీగా నిలబడితే: ఏ పదవి వదలాలి, గెలిస్తే ఏ శాఖ అడగాలి?

గట్టుమీద
లోక్‌సభకు పోటీ చేయబోతున్న ఒక రైతు సంఘం నాయకుడి కోసం అడుగుతున్నా. ఆయన సొసైటీ (ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం, ప్యాక్స్) అధ్యక్షుడు, ప్రభుత్వం నామినేట్ చేసిన మార్కెట్ కమిటీకి చైర్మన్ కూడా. రాస్తారోకో, రైల్‌రోకో కేసులు నాలుగు పెండింగ్‌లో ఉన్నాయి. పార్టీ టికెట్ ఖాయం కాలేదు కాబట్టి సంఘాన్నే పార్టీగా మారుద్దామనే మాట కూడా నడుస్తోంది. నామినేషన్‌కు ముందు వేటికి రాజీనామా చేయాలి? కేసులు అడ్డమవుతాయా? కాలం కలిసొచ్చి కేంద్రంలో మంత్రి పదవి దాకా వెళ్తే వ్యవసాయ శాఖే అడగాలా? పోటీ చేయాలా వద్దా అన్న చర్చ మాత్రం వద్దు, అది సంఘంలోనే తేలిపోయింది.

రూళ్లకర్ర
ముందు మార్కెట్ కమిటీ సంగతి చూడండి. రాజ్యాంగం 102(1)(ఎ) కింద లాభదాయక పదవిలో ఉన్నవారు ఎంపీగా ఉండటానికి అనర్హులు. "గౌరవ వేతనం ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు" అనే వాదన నిలవదు. 2006లో జయా బచ్చన్ కేసులో సుప్రీంకోర్టు చూసింది డబ్బు తీసుకున్నారా అని కాదు, ఆ పదవికి డబ్బు వచ్చే హక్కు ఉందా అని. అక్కడ గౌరవ వేతనం నెలకు 5,000 రూపాయలే. కేవలం ప్రయాణ ఖర్చులు, దినభత్యం లాంటివి మాత్రమే వచ్చే కొన్ని పదవులకు 1959 నాటి చట్టంలో మినహాయింపు ఉంది. కానీ ఆ వాదన పెట్టుకుని ఐదేళ్లు కోర్టు చుట్టూ తిరగడం ఎందుకు? రాజీనామా చేయించండి. అర్హతను చూసేది స్క్రూటినీ (నామినేషన్ పత్రాల పరిశీలన) రోజున. ఆ రోజుకి రాజీనామా ఆమోదించిన ఉత్తర్వు కాపీ చేతిలో ఉండాలి. లేఖ ఇచ్చినట్టు రసీదు ఒక్కటే పట్టుకుని వెళ్తే ప్రత్యర్థి లాయర్‌కి పండగే.

సొసైటీ విషయంలో ఒక్కటే తేడా. సభ్యుల ఓట్లతో గెలిచిన అధ్యక్షుడైతే సాధారణంగా ఇబ్బంది లేదు. ప్రభుత్వం వేసిన పర్సన్ ఇన్‌చార్జ్ కమిటీ అయితే మార్కెట్ కమిటీలాగే అనుకుని వదిలేయండి.

ఇక ఫారం 26 అఫిడవిట్, అంటే నామినేషన్‌తో పాటు ఆస్తులు, అప్పులు, కేసులు చూపే ప్రమాణ పత్రం. రైతుల నామినేషన్లు చిక్కుల్లో పడే ప్రమాదం ఇక్కడే. భూమి కాలమ్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం, వారసత్వంగా వచ్చిందా కొన్నదా, కొన్నదైతే తేదీ, ధర, ఇప్పటి విలువ అన్నీ రాయాలి. భార్య పేరున ఉన్న పాస్‌బుక్కు కూడా లెక్కలోకి వస్తుంది. పంట రుణం, బంగారం మీద తెచ్చిన అప్పు కూడా చూపాలి. పాన్ లేకపోతే "లేదు" అని రాయాలి, ఖాళీ వదలకూడదు. 2013లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం ఖాళీలు ఉంటే రిటర్నింగ్ అధికారి గుర్తు చేస్తారు, అప్పటికీ నింపకపోతే నామినేషన్ తిరస్కరించవచ్చు. వర్తించని ప్రతి గడిలో "వర్తించదు" అని రాసెయ్యండి.

డిపాజిట్ 25,000, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకు 12,500. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, స్వతంత్రుడికి పదిమంది కావాలి. ఆ పదిమందీ ఆ నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలి. అభ్యర్థి మాత్రం దేశంలో ఏ లోక్‌సభ స్థానంలో ఓటరైనా ఫర్వాలేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఖర్చు పరిమితి 95 లక్షలు. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందే ఎన్నికల ఖర్చుకు వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. సంఘం ట్రాక్టర్లు ఆయన అనుమతితో ప్రచారానికి తిరిగితే డీజిల్, బాడుగ ఆయన ఖాతాలోకే. అనుమతి లేకుండా తిప్పితే తిప్పినవాళ్ల మీద కేసు.

చెరువుకట్ట
కేసుల సంగతి. కేసు పెండింగ్‌లో ఉన్నంత మాత్రాన పోటీకి అడ్డం కాదు. శిక్ష రెండేళ్లు లేదా అంతకు మించి పడితేనే ప్రజాప్రాతినిధ్య చట్టం 8(3) కింద అనర్హత. జైలు నుంచి బయటికొచ్చాక కూడా ఆరేళ్లు నడుస్తుంది. రైల్‌రోకోలో మెలిక ఏంటంటే, రైల్వే చట్టం 174 కింద గరిష్ఠ శిక్ష సరిగ్గా రెండేళ్లు. జడ్జి గరిష్ఠ శిక్ష వేస్తే సీటు పోయినట్టే. 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు నుంచి అప్పీలు చేసుకునేదాకా ఆగే వెసులుబాటు కూడా లేదు. పైకోర్టులో జైలు శిక్ష మీద స్టే తెస్తే సరిపోదు, దోషిగా తేల్చిన తీర్పు మీదే స్టే కావాలి.

కేసులు ఎత్తివేయిస్తామని ప్రభుత్వం మాట ఇచ్చి ఉంటే ఇప్పుడే చేయించుకోండి. ఎంపీ అయ్యాక, మాజీ అయ్యాక కూడా, హైకోర్టు అనుమతి లేకుండా ఆ కేసులు ఉపసంహరించడానికి లేదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశం ఉంది. నాలుగు కేసులూ పత్రికల్లో, టీవీలో మూడుసార్లు ప్రకటించాలి (ఫారం సి-1). ఆ ఖర్చూ అభ్యర్థిదే.

పసుపుకొమ్ము
సంఘాన్ని పార్టీగా మార్చడం గురించి. పార్టీ పెట్టిన 30 రోజుల్లోపు ప్రజాప్రాతినిధ్య చట్టం 29ఎ కింద ఎన్నికల సంఘానికి దరఖాస్తు, కనీసం 100 మంది ఓటర్లు సభ్యులు. పేరు పేపర్లలో వేయాలి, అభ్యంతరాలకు గడువు ఇవ్వాలి. షెడ్యూల్‌కు రెండు నెలల ముందు మొదలుపెడితే పని అవదు. పంజాబ్‌లో 2021 డిసెంబరులో రైతు సంఘాలు పెట్టిన సంయుక్త సమాజ్ మోర్చాకు సరిగ్గా ఇదే జరిగింది. రిజిస్ట్రేషన్ ఆలస్యమై చాలామంది స్వతంత్రులుగా దిగారు, ఒక్క సీటూ రాలేదు. రైతులను ఏడాది పాటు ఢిల్లీ సరిహద్దులో కూర్చోబెట్టగలిగిన సంఘాలు అవి! ధర్నాకు వచ్చే జనం వేరు, ఓటు వేసే లెక్క వేరు.

గెలవడం కాదు, ఒత్తిడి పెట్టడమే లక్ష్యమైతే నిజామాబాద్ 2019 చూడండి. 185 మంది అభ్యర్థులు, అందులో 170కి పైగా పసుపు, ఎర్రజొన్న రైతులే. పాత ఎం2 ఈవీఎం నోటాతో కలిపి 64 పేర్ల దాకానే పడుతుంది. అందుకని ఎం3 యంత్రాలు తెప్పించి ఒక్కో బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పెట్టారు. యూనిట్‌కు 16 పేర్ల లెక్కన 185 పేర్లు, నోటా కలిపితే అంతే అవుతాయి. రైతులెవరూ గెలవలేదు, సిట్టింగ్ ఎంపీ ఓడిపోయారు. వాళ్లు అడిగిన పసుపు బోర్డు 2025 జనవరిలో మొదలైంది.

నీరుకట్టు
వ్యవసాయ శాఖే అడగాలా అన్న ప్రశ్నకు నా జవాబు: పంటను బట్టి. రైతులు అడిగేవాటిలో చాలావరకు వ్యవసాయ మంత్రి బల్ల మీదికి రానే రావు.

యూరియా కొరత రసాయనాలు, ఎరువుల శాఖ చూస్తుంది. ధాన్యం సేకరణ, ఎఫ్‌సీఐ (భారత ఆహార సంస్థ) ఆహార శాఖవి. పత్తి కొనే సీసీఐ (భారత పత్తి సంస్థ) జౌళి శాఖ కింద. గుంటూరులోని పొగాకు బోర్డు, మిర్చి చూసే స్పైసెస్ బోర్డు, పసుపు బోర్డు మూడూ వాణిజ్య శాఖవే. పామాయిల్ గెలల ధర పడిపోయిందని ధర్నా చేస్తాం, దిగుమతి సుంకం తగ్గించే సంతకం ఆర్థిక శాఖలో పడుతుంది. సహకారం 2021 జూలైలో విడిపోయింది, పాడి 2019లోనే విడిపోయింది, నీళ్లు జలశక్తికి వెళ్లాయి. మద్దతు ధర సిఫారసు చేసే సీఏసీపీ (వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్) వ్యవసాయ శాఖలోదే, నిర్ణయించేది మాత్రం ప్రధాని అధ్యక్షతన కేబినెట్ కమిటీ. పైగా వ్యవసాయం, భూమి, మార్కెట్ యార్డులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి.

పెద్ద రైతు నేతలు ఏం తీసుకున్నారో చూడండి. చరణ్ సింగ్ 1977లో కేంద్రానికి వచ్చి హోం తీసుకున్నారు, 1979 జనవరిలో ఆర్థిక శాఖ. వ్యవసాయ శాఖ కాదు. దేవీలాల్ 1989లో ఉప ప్రధానిగా ఉంటూ వ్యవసాయం తీసుకున్నారు, ఆయన బరువు శాఖ వల్ల వచ్చింది కాదు. మీ నాయకుడు పత్తి ప్రాంతం మనిషైతే జౌళిలో సహాయ మంత్రి పదవి మేలు. పొగాకు, మిర్చి అయితే వాణిజ్యం. సహాయ మంత్రికి ఏ ఫైళ్లు వస్తాయన్నది కేబినెట్ మంత్రి పంచిపెట్టే దాన్ని బట్టి. ఆ పంపకం ఉత్తర్వు రాతపూర్వకంగా వచ్చేదాకా బొకేలు పట్టుకుని ఫొటోలు దిగుతూ గడిపేయవద్దు.

మంత్రి పదవి రాకపోతే పార్లమెంటులోని వ్యవసాయ స్థాయీ సంఘంలో చోటు అడగండి. 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. అధికారులను పిలిచి పద్దుల మీద ప్రశ్నలు వేయొచ్చు. మంత్రులకు అందులో చోటు లేదు. ప్రైవేటు బిల్లు (మంత్రి కాని సభ్యుడు పెట్టే బిల్లు) మీద ఆశ పెట్టుకోకండి. మహారాష్ట్ర రైతు నేత, అప్పటి ఎంపీ రాజు శెట్టి 2018లో మద్దతు ధర హామీకి ఒకటి, రుణ విముక్తికి ఒకటి పెట్టారు, చట్టాలు కాలేదు. 1970 తర్వాత ఏ ప్రైవేటు బిల్లూ రెండు సభలూ దాటలేదు.

గట్టుమీద
అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి. స్వతంత్రుడిగా గెలిచి మంత్రి అయితే పార్టీలో చేరాలా? సంఘం అధ్యక్ష పదవి ఉంచుకోవచ్చా?

రూళ్లకర్ర
చేరకండి. స్వతంత్రుడిగా గెలిచినవారు తర్వాత ఏ పార్టీలో చేరినా రాజ్యాంగం పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిషేధం) కింద సభ్యత్వం పోతుంది. బయటి నుంచి మద్దతిచ్చి మంత్రిగా ఉండటానికి అడ్డం లేదు. ఓడిపోయినా మంత్రిని చేయొచ్చు, ఆరు నెలల్లోపు ఏదో ఒక సభకు ఎన్నిక కావాలి. రాజ్యసభ అయితే వయసు 30 నిండాలి. 2003 రాజ్యాంగ సవరణ తర్వాత మంత్రుల సంఖ్య లోక్‌సభ సభ్యుల్లో 15 శాతం దాటకూడదు కాబట్టి ఖాళీ ఉంటేనే ఆ మాట.

సంఘం సొసైటీల చట్టం కింద రిజిస్టరై ఉంటే ముందు మీ బైలాస్ చదవండి. మల్టీస్టేట్ (ఒకటికి మించి రాష్ట్రాల్లో పనిచేసే) సహకార సంఘమైతే 2002 చట్టం 44వ సెక్షన్ సూటిగా చెబుతుంది: మంత్రిగా ఉన్న సభ్యుడు దానికి అధ్యక్షుడిగానో ఉపాధ్యక్షుడిగానో ఎన్నిక కావడానికి అనర్హుడు. విత్తన కంపెనీ, ఎరువుల డీలర్‌షిప్, రైస్‌మిల్లు లాంటివి ఉంటే మంత్రుల ప్రవర్తనా నియమావళి ప్రకారం వాటి నిర్వహణ నుంచి తప్పుకోవాలి, యాజమాన్యం ఉంచుకోవచ్చు. ఆస్తుల వివరాలు ప్రధానికి ఇవ్వాలి. సంఘం చెక్కుల మీద సంతకం చేసే అధికారాన్ని ప్రమాణ స్వీకారానికి ముందే తీర్మానంతో కార్యదర్శికి మార్చి, బ్యాంకుకు కాపీ పంపండి.