ఏటిగట్టు రోడ్డు మీద ప్రమాదాలు: మన అలవాట్లలో ఏది మారాలి?

లంక మాస్టారు:
అమలాపురం నుంచి ఏటిగట్టు వైపు వచ్చే మా ఊరి రోడ్డుకు గత ఏడాది కొత్తగా తారు వేశారు. గతుకులున్న రోజుల్లో ఎవరూ ముప్పై కిలోమీటర్ల వేగం దాటలేకపోయేవారు గనుక పడినా మోకాళ్ళు దోక్కుపోవడంతో సరిపోయేది. ఇప్పుడు రోడ్డు నున్నబడేసరికి ఒక పక్క పంట కాలువ, మరో పక్క కొబ్బరి చెట్లు ఉన్న సంగతే మరచి దూసుకుపోతున్నారు. ఈ నెలలో ఇద్దరు బండితో సహా కాలువలో పడ్డారు. ఒకరిని రేవులో ఈదుతున్న పిల్లలు పైకి లాగారు, రెండో ఆయన దక్కలేదు. గ్రామసభలో మాట్లాడడానికి మీ అనుభవాలు కావాలి. స్పీడ్ బ్రేకర్లు నిజంగా పనిచేస్తాయా? పదహారేళ్ళ పిల్లలకు బండి ఇచ్చే తల్లిదండ్రులకు ఎలా నచ్చజెప్పాలి? హెల్మెట్ అలవాటు ఎలా చేయించాలి? కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసే ధాన్యం సంగతి కూడా ఎవరైనా ప్రస్తావిస్తే సంతోషం.

పాలకొల్లు కోడలు:
హెల్మెట్ గురించి నేను చెబుతాను. మా వారు హెల్మెట్‌ను అద్దానికి తగిలించుకుని, ఊరు దాటాక పెట్టుకుంటాననేవారు. పడింది ఊరు దాటకముందే, పాల కేంద్రం మలుపులో, కుక్క అడ్డం వచ్చి. అద్దానికి ఉన్న హెల్మెట్‌కు ఒక్క గీత కూడా పడలేదు, ఆయన తలకు పదకొండు కుట్లు పడ్డాయి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో హెల్మెట్ లేక మరణించిన వారు 50,029 మంది. వారిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారే. వెనుక కూర్చునేది మనమే కాబట్టి ఆడవాళ్ళందరూ ఈ రెండో అంకె గుర్తుంచుకోవాలి. పూలు నలిగిపోతాయని హెల్మెట్ వద్దన్నవారిలో నేనూ ఉన్నాను.

పెద్దకాలువ రైతు:
మాస్టారూ, ధాన్యం మాట చివర్లో చల్లగా కలిపారు గానీ నాకు అదే తగిలింది. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ధాన్యం పక్కన పెడతారు. కోత యంత్రం నుంచి దిగిన గింజ పచ్చిగా ఉంటుంది, కళ్ళాలేమో చేపల చెరువులుగా, ఇళ్ళ స్థలాలుగా మారిపోయాయి. వాన మబ్బు కమ్ముతున్నప్పుడు ఎండ కాచిన తారు రోడ్డు తప్ప మాకు దిక్కేది? రోడ్డు మీద పోసే మమ్మల్ని దోషులుగా చూపే ముందు ఆరబెట్టుకునే చోటు చూపించండి.

రాత్రి బండి:
చోటు లేకపోవడం మీ కష్టమే, కాదనను. అయితే ఆ కష్టాన్ని నా కాలి మీదకు తోయడం ఏ న్యాయమండీ? కిందటి దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు రావులపాలెం నుంచి రాత్రి తొమ్మిదింటికి వస్తున్నాను. రోడ్డులో సగం మేర ధాన్యం పోసి, నల్ల బరకం కప్పి, అది ఎగరకుండా చుట్టూ తలకాయంత రాళ్ళు పెట్టారు. ఎదురుగా వచ్చిన లారీ లైట్లకు కళ్ళు బైర్లు కమ్మాయి, ముందు చక్రం రాయి ఎక్కింది. నాలుగు నెలలు మంచం మీద ఉన్నాను. రహదారికి అడ్డంకి కల్పించడం భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద నేరమని తమరికి తెలియదా?

పెద్దకాలువ రైతు:
సెక్షన్లు చెబుతున్నారు, బాగుంది. మీరు ఆ రాత్రి ఎంత వేగంలో ఉన్నారో కూడా చెప్పండి.

రాత్రి బండి:
యాభై. కాలు విరిగినవాడిని లెక్క అడిగే ముందు ఆ రాళ్ళు ఎవరు పెట్టారో అడగండి.

బస్సు స్టీరింగ్:
నేను ముప్పై రెండేళ్ళు ఆర్టీసీలో ఒక్క ప్రమాదం లేకుండా బస్సు నడిపినవాడిని కాబట్టి ఇద్దరికీ చెబుతున్నాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. రాయి కనబడి, బుర్రకు ఎక్కి, కాలు బ్రేకు మీద పడేసరికి ఆ సెకను అయిపోతుంది. బ్రేకు పట్టడం ఆ తరవాతి సంగతి. 40లో ఉంటే అదే సెకనుకు 11 మీటర్లు. రాత్రి ఎదుటి లైటు కంట్లో పడినప్పుడు ఎడమ అంచు చూసుకుంటూ వేగం తగ్గించాలని నేను శిక్షణ ఇచ్చిన కుర్రాళ్ళందరికీ నేర్పాను. ఈ రోజుల్లో డిమ్ చేయడం అవమానమనుకుంటున్నారు. ఎదుటివాడు చేస్తే మనం చేద్దామని ఇద్దరూ పంతానికి పోయి ఇద్దరూ గుడ్డివాళ్ళవుతారు.

రాత్రి బండి:
ఎడమ అంచు చూడమంటున్నారు. ఆ అంచునే ధాన్యం ఉంది మహాశయా.

రొయ్యల చెరువు:
ధాన్యం ఏడాదికి రెండు సార్లే. భీమవరం వైపు ఐసు నీళ్ళు కార్చుకుంటూ పోయే రొయ్యల వ్యాన్ల మాట ఎవరూ ఎత్తరేమి? నాదే ఒక వ్యాను ఉంది, అందుకే ధైర్యంగా చెబుతున్నాను. ఆ నీరు మలుపులో పడితే బండి చక్రానికి పట్టు దొరకదు. కింద ఒక తొట్టి బిగించుకుంటే సరిపోయే పని, మా డ్రైవరు చేత చేయించడానికే నాకు రెండేళ్ళు పట్టింది.

ఇంటర్ సెకండియర్:
అందరూ పిల్లలనే అంటారు. మా నాన్నగారు ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని కాలువ వంతెన ఎక్కుతారు. పాలు, ఎరువుల బస్తా, చెల్లిని స్కూలు నుంచి తీసుకురావడం, ఈ పనులన్నిటికీ బండి ఇచ్చి నన్ను పంపేదీ ఆయనే.

లంక మాస్టారు:
బాబూ, నీ మాట గ్రామసభలో చదివి వినిపిస్తాను. 2019 సవరణ తరవాత మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ ప్రకారం పిల్లవాడు బండి నడిపి నేరం చేస్తే తండ్రికి లేదా బండి యజమానికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ళ వరకు జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. మీ నాన్నగారికి ఈ సంగతి నేనే చెబుతాను, నువ్వు చెప్పి దెబ్బలు తినవద్దు. అయితే స్పీడ్ బ్రేకర్ల గురించి ఇంతవరకు ఒక్కరూ మాట్లాడలేదు.

బస్సు స్టీరింగ్:
అడిగారు కాబట్టి చెబుతున్నాను. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ప్రకారం అది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తులో గుండ్రంగా ఉండాలి, ముందుగా బోర్డు, పైన తెల్ల గీతలు ఉండాలి. మన ఊళ్ళలో ప్రమాదం జరిగిన మర్నాడే కోపంతో ఒక జానెడు సిమెంటు దిమ్మె పోస్తారు. రాత్రి అది కనబడక ఇంకొకరు పడతారు. దాన్ని తప్పించుకోవడానికి కుర్రాళ్ళు మట్టి అంచున బండి పోనిస్తారు, ఆ అంచు పక్కనే కాలువ.

నైట్ డ్యూటీ నర్సు:
మీరు పోట్లాడుకుంటున్నారు, నాకు ఒక్క మాటకు చోటు ఇవ్వండి. సంక్రాంతి మూడు రోజులూ కోడి పందేల బరుల నుంచి తాగి వచ్చేవారిని మేము రాత్రంతా చూస్తాం. నా బాధ వేరొకటి. రోడ్డు పక్కన పడి ఉన్న మనిషి చుట్టూ ఇరవై మంది ఫోనుతో వీడియో తీస్తూ నిలబడతారు. పోలీసు కేసులో ఇరుక్కుంటామని ముట్టుకోరు. ఆదుకున్నవారిని వేధించకూడదని 2016లోనే సుప్రీంకోర్టు మార్గదర్శకాలకు ఆమోదం తెలిపింది, 2019 సవరణలో 134ఏ సెక్షన్‌గా అది మోటారు వాహనాల చట్టంలోకి వచ్చింది. పేరు చెప్పమని మిమ్మల్ని బలవంతపెట్టరు. 108కి ఫోను చేయండి, రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డ గట్టిగా నొక్కి పట్టండి, మెడ వంచి కూర్చోబెట్టి సోడా తాగించకండి.

పాలకొల్లు కోడలు:
సోడా మాట నిజం. మా వారికి కూడా తాగించబోయారు.

పెద్దకాలువ రైతు:
రాత్రి బండి గారూ, మీ కాలు గురించి చదివాక నిన్న రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. నేను రాళ్ళు పెట్టేది నిజమే. ఈసారి రాళ్ళకు బదులు ఇసుక నింపిన తెల్ల సంచులు పెట్టి, సాయంత్రం ఆరింటికల్లా రాశి చేసి, మలుపులు వదిలేసి ఒకే పక్కన పోస్తాను. రోడ్డు మీద అసలు పోయను అని మాత్రం మాట ఇవ్వలేను.

రాత్రి బండి:
ఆ మాత్రం చేసినా చాలు. ఇంకొకటి కూడా ఉంది: ట్రక్కు (వెనుక తగిలించే తొట్టి) నిండా గడ్డి వేసుకుని వెళ్ళే ట్రాక్టరు. గడ్డి కిందకు వేలాడి వెనుక లైట్లు పూర్తిగా కప్పేస్తుంది. దగ్గరికి వెళ్ళేవరకు అది ట్రక్కో చీకటో తెలియదు.

రొయ్యల చెరువు:
మా వ్యాను వెనుక మెరిసే ఎర్ర స్టిక్కరు అంటించాం, లైటు పడితే దూరం నుంచే కనబడుతోంది. గడ్డికి అయితే దాన్ని ఒక గోనెపట్టాకు కుట్టి, బరువు కట్టిన తరవాత అన్నిటికన్నా పైన, చివర వేలాడదీయాలి. కింద ట్రక్కుకు అంటిస్తే గడ్డి దాన్నీ కప్పేస్తుంది.

పెద్దకాలువ రైతు:
ఆ స్టిక్కరు మీటరు లెక్కన అమ్ముతారా, చుట్ట మొత్తం కొనాలా? మా వీధిలోనే ఆరు ట్రక్కులు ఉన్నాయి.