మానవ హక్కుల పని చేయాలంటే ముందు ఒక భావజాలం ఎంచుకోవాలా?

అనన్య_బీఏ:
రాజకీయ భావజాలాలు, న్యాయం, మానవ హక్కుల ఉద్యమాల మీద సెమినార్ పేపర్ రాస్తున్నాను. ఇప్పటికి నాకున్న అభిప్రాయాలు కింద పెడుతున్నాను. ఎక్కడ తప్పో మొహమాటం లేకుండా చెప్పండి.

ఒకటి: నేను సమానత్వం వైపు. ఆకలితో ఉన్న మనిషికి వాక్ స్వాతంత్ర్యం ఇచ్చి ఏం లాభం? ముందు తిండి, చదువు, వైద్యం. ఎన్నికలు, పత్రికా స్వేచ్ఛ ఆ తర్వాత.

రెండు: ఉదారవాదులు చెప్పే న్యాయం ఉన్నవాళ్ల ఆస్తికి కాపలా కాయడమే. అమెరికన్ తత్వవేత్తలు రాల్స్ అయినా నోజిక్ అయినా ఒకే తాను ముక్కలు.

మూడు: హక్కుల కార్యకర్త బాధితుల పక్షం వహించాలి. కాబట్టి అణచివేతకు ఎదురు తిరిగినవాళ్లు చేసే హింస గురించి మాట్లాడకూడదు. రెండు వైపులా ఖండిస్తే బలవంతుడికే మేలు.

ఇవి కాక ఒక సందేహం. చదువయ్యాక ఈ పనిలోకి రావాలని ఉంది. అక్కడ అసలు పని ఎలా ఉంటుంది? ఏం నేర్చుకుని రావాలి?

తర్కవేదిక:
అనన్య గారూ, మీ మొదటి మాట దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. మిగతావన్నీ దాని మీదే నిలబడి ఉన్నాయి.

"ముందు తిండి, తర్వాత మాట" అనే వరసను చరిత్ర బలపరచదు. ఎన్నికలు నిజంగా జరిగే, పత్రికలు స్వేచ్ఛగా రాయగలిగే దేశాల్లో భారీ కరువు చావులు సంభవించలేదని అమర్త్య సేన్ ఎత్తి చూపారు. ఆకలి చావుల వార్త బయటికి పొక్కితే ఓట్ల భయం ఉన్న ప్రభుత్వం కదలక తప్పదు. చైనాలో 1959-61 కరువు ఇందుకు ఎదురు ఉదాహరణ. కింది అధికారులు లేని దిగుబడిని ఉన్నట్టు రాసి పంపారు. పైవాళ్లు ఆ దొంగ లెక్కల ప్రకారమే ఊళ్ల నుంచి ధాన్యం తీసుకుపోయారు. ఆ లెక్క తప్పని బాహాటంగా అనగలిగిన పత్రిక లేదు, ప్రతిపక్షం లేదు. కోట్ల మంది చనిపోయారు. నోరు నొక్కినచోట ముందు పోయింది తిండే.

అలాగని "స్వేచ్ఛ ఉంటే చాలు, మిగతాది బజారు చూసుకుంటుంది" అనేవాళ్లు చెప్పేది కూడా సగమే. 1948 విశ్వ మానవ హక్కుల ప్రకటనలో రెండు రకాల హక్కులూ ఒకే పత్రంలో ఉన్నాయి. ప్రచ్ఛన్న యుద్ధపు తగాదాల్లో అవి విడిపోయి 1966లో రెండు ఒడంబడికలుగా వచ్చాయి: పౌర, రాజకీయ హక్కులది ఒకటి, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కులది మరొకటి. అమెరికా మొదటిదాన్ని 1992లో ధ్రువీకరించింది, అంటే దానికి కట్టుబడతానంది; రెండోదాని మీద 1977లో సంతకం చేసి అక్కడే ఆగిపోయింది. చైనా రెండోదాన్ని 2001లో ధ్రువీకరించింది, మొదటిదాని మీద 1998లో సంతకం చేసి ఊరుకుంది. తనకు ఇబ్బంది పెట్టని సగాన్ని ఎవరికి వారు ఏరుకున్నారు. మీ పేపర్లో ఈ పోలిక తప్పకుండా పెట్టండి. పెట్టాక మీ మొదటి అభిప్రాయం ఏ సగాన్ని ఏరుకుంటోందో చూడండి.

సమానత్వం వైపు నిలబడి గట్టిగా వాదించాలంటే అంతకంటే మంచి ఆధారం ఉంది. రెండో ఒడంబడికలోని 2వ అధికరణం "అందుబాటులో ఉన్న వనరుల మేరకు, క్రమక్రమంగా" అంటుంది. ప్రభుత్వాలు దీన్నే సాకుగా చూపుతాయి. కానీ ఆ ఒడంబడిక అమలును చూసే కమిటీ 1990లో ఇచ్చిన 3వ సాధారణ వ్యాఖ్యలో ఒక కనీస గీత గీసింది. కనీస ఆహారం, ప్రాథమిక వైద్యం, తలదాచుకునే చోటు, ప్రాథమిక విద్య పెద్ద సంఖ్యలో జనానికి అందడం లేదంటే ఆ ప్రభుత్వం విఫలమైనట్టే మొదట భావించాలి. ఉన్న వనరులన్నీ వాడి చూశామని రుజువు చేసుకోవాల్సింది ప్రభుత్వమే. వివక్ష చూపకూడదన్న బాధ్యతకైతే ఈ "క్రమక్రమంగా" వర్తించనే వర్తించదు.

రాల్స్, నోజిక్ ఒకే తాను ముక్కలు కారు. 1971లో రాల్స్ చెప్పినదాని ప్రకారం, అసమానత ఉంటే అది అందరికంటే అడుగున ఉన్నవాళ్లకు వీలైనంత మేలు చేసేదై ఉండాలి. ఉత్పత్తి సాధనాల మీద ప్రైవేటు యాజమాన్యాన్ని ఆయన ప్రాథమిక స్వేచ్ఛల్లో చేర్చనే లేదు. మీరన్న కాపలా ఆయనకు అంటదు. 1974లో నోజిక్ ఆయనకు ఎదురు నిలిచి, పంపకం ఎలా ఉందన్నది కాక ఆస్తి ఎలా చేతికొచ్చిందన్నది అడగమన్నాడు. సంపాదన సక్రమమా, బదిలీ సక్రమమా అనే రెండు సూత్రాలూ అందరికీ గుర్తుంటాయి. పరీక్షల్లో సైతం వదిలేసేది మూడోదాన్ని: గతంలో అన్యాయంగా లాక్కున్నదాన్ని సరిదిద్దాలి. వలసపాలనలో పోయిన భూములకు ఆ ఒక్క సూత్రాన్ని నిజాయితీగా వర్తింపజేస్తే ఇవాళ్టి ఆస్తి పత్రాల్లో ఎన్ని నిలుస్తాయో ఆలోచించండి.

ఉదారవాదం మీద బలమైన విమర్శే కావాలంటే 1844 నాటి మార్క్స్ దగ్గరికి వెళ్లండి. మానవుడి హక్కుల పేరుతో చెబుతున్నవి సమాజం నుంచి విడిపోయిన ఒంటరి మనిషి హక్కులని ఆయన వాదన. దాని పక్కనే రాజకీయ తత్వవేత్త హానా అరెంట్‌ను పెట్టి చదవాలి. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య పౌరసత్వం కోల్పోయిన లక్షల మందికి, కేవలం మనుషులైనందుకు దక్కాల్సిన హక్కులు ఏ దేశమూ ఇవ్వలేదని ఆమె గమనించింది. హక్కులను నిలబెట్టే రాజకీయ సమాజం లేకపోతే అవి కాగితం మీదే ఉంటాయి. ఇద్దరూ వేర్వేరు దారుల్లో వచ్చి ఒకే బలహీనతను పట్టుకున్నారని నా అభిప్రాయం.

నిజనిర్ధారణ:
పని సంగతి నేను చెబుతాను. ఉపన్యాసాలు, ధర్నాలు బయటికి కనిపిస్తాయి. రోజులో ఎక్కువ భాగం మాత్రం వాంగ్మూలం రాసుకోవడం, సరిచూసుకోవడం, భద్రపరచడం.

సాక్షులతో విడివిడిగా మాట్లాడాలి. పదిమందిలో కూర్చోబెట్టి అడిగితే మొదట మాట్లాడినవాడి కథనమే అందరి నోటా వస్తుంది, ఆడవాళ్లు అసలు నోరు విప్పరు. "వాళ్లు కొట్టారు కదా?" అని అడగకూడదు, "తర్వాత ఏం జరిగింది?" అనాలి. రాసుకునేటప్పుడు కళ్లారా చూసింది, ఇతరులు చెప్పగా విన్నది, ఊహించింది మూడూ వేర్వేరుగా ఉండాలి. నివేదికలు కోర్టులో కూలిపోయేది ఎక్కువగా ఇవి కలిసిపోయినప్పుడే.

సమ్మతి మూడుసార్లు, మూడు రకాలుగా తీసుకోవాలి: రాసుకోవడానికి, ఇతర సంస్థలకు ఇవ్వడానికి, పేరు ప్రచురించడానికి. మొదటిదానికి సరే అన్నవాళ్లు మూడోదానికీ ఒప్పుకున్నట్టు కాదు. నోట్సులో పేర్ల బదులు సంకేత సంఖ్యలు వాడి, ఏ సంఖ్య ఎవరిదో చెప్పే జాబితాను వేరేచోట దాచాలి. నష్టపరిహారం ఇప్పిస్తామనో, దోషులకు శిక్ష పడేలా చేస్తామనో మాట ఇవ్వకూడదు. ఒకే బాధితురాలి దగ్గరికి నాలుగు బృందాలు వెళ్లి అదే కథ నాలుగుసార్లు చెప్పించడం ఇంకో పెద్ద తప్పు. ఆమెకది మళ్లీ అనుభవించడమే. పైగా నాలుగు కథనాల్లో చిన్న తేడాలొస్తే అవతలి వకీలు వాటినే పట్టుకుంటాడు.

ఫోటోలు, వీడియోలు మెసేజింగ్ యాప్‌లో పంపించుకోవద్దు. చాలా యాప్‌లు ఫైలును కుదించి, తీసిన సమయం, చోటు చెప్పే సమాచారాన్ని తీసేస్తాయి. అసలు ఫైలును ముట్టుకోకుండా కాపీ చేసి, చేతికందిన రోజే దాని హ్యాష్ విలువ (ఫైలులో ఏ చిన్న మార్పు జరిగినా మారిపోయే సంఖ్య) లెక్కించి రాసిపెట్టండి. తర్వాత ఎవరైనా మార్చారన్న ఆరోపణ వస్తే అదే జవాబు. డిజిటల్ సాక్ష్యాలు ఎలా సేకరించాలో చెప్పే మార్గదర్శకం 2020లో వచ్చిన బర్క్‌లీ ప్రొటోకాల్.

చిత్రహింస ఆరోపణ అయితే వైద్య పరీక్ష ఆలస్యం కానివ్వకూడదు. చిత్రహింస ఆరోపణల విచారణకు మార్గదర్శకమైన 1999 ఇస్తాంబుల్ ప్రొటోకాల్ ప్రకారం ఘటన గత ఆరు వారాల్లో జరిగి ఉంటే, గుర్తులు మాసిపోకముందే పరీక్ష జరిపించాలి. వైద్యుడు "చిత్రహింస జరిగింది" అని ఒక్క ముక్కలో రాయడు. గాయం ఆరోపణతో పొసగదు, పొసగుతుంది, బాగా పొసగుతుంది, ఇలాంటి హింసలో సాధారణంగా కనిపించేదే, మరే విధంగానూ వచ్చేది కాదు అని ఐదు మెట్లలో చెబుతాడు. గాయాలు లేవంటే హింస జరగలేదని అర్థం కాదు. గుర్తు మిగలకుండా కొట్టే పద్ధతులు చాలా ఉన్నాయి.

నివేదికలో విశేషణాలు తగ్గించండి. పెద్ద మాటలు మరీ జాగ్రత్త. 1948 ఒప్పందం ప్రకారం జాతిహననం అనాలంటే ఒక జాతి, తెగ, వర్ణ లేదా మత సమూహాన్ని పూర్తిగా గానీ కొంత గానీ నాశనం చేయాలన్న ఉద్దేశం రుజువు కావాలి. రాజకీయ సమూహాలు ఆ నిర్వచనంలో లేవు. ఎందరు చనిపోయినా ఉద్దేశం తేలకపోతే ఆ పదం నిలవదు. అవతలివాడు ఆ ఒక్క పదాన్ని కొట్టేసి నివేదిక మొత్తం అబద్ధమంటాడు. ఆరోపణ ఎదుర్కొంటున్న అధికారిని కూడా కలవండి. కలవనంటే, ఏ తేదీన అడిగారో రాయండి.

ధర్మాసనం:
మీ మూడో అభిప్రాయంతో నేను పూర్తిగా విభేదిస్తాను. మానవ హక్కుల ఒప్పందాలు ప్రభుత్వాల మీద బాధ్యత పెడతాయి, అందుకే ప్రభుత్వానికి ఎక్కువ ప్రశ్నలు ఎదురవుతాయి. అది న్యాయమే. కానీ అంతర్యుద్ధంలో, యుద్ధ నియమాలు చెప్పే 1949 జెనీవా ఒప్పందాలన్నిటిలోనూ ఉన్న ఉమ్మడి 3వ అధికరణం పోరులో ఉన్న "ప్రతి పక్షాన్నీ" కట్టడి చేస్తుంది. సాయుధ బృందం కూడా పట్టుబడ్డవాణ్ని హింసించకూడదు, బందీలను పట్టకూడదు, సరైన విచారణ లేకుండా చంపకూడదు.

ఈ చర్చ కొత్తది కాదు. మండేలా సాయుధ విధ్వంసాన్ని సమర్థించాక హక్కుల సంస్థ ఆమ్నెస్టీ 1964లో ఆయన్ని "అంతరాత్మ ఖైదీ"ల (హింసకు దిగకుండా నమ్మకాల కోసం జైలు పాలైనవాళ్ల) జాబితాలో ఉంచకూడదని తేల్చింది. అలాగని వదిలేయలేదు. హింస చేసినవాడికైనా న్యాయమైన విచారణ దక్కాలి, చిత్రహింస ఉండకూడదన్న సూత్రం ఆయనకూ వర్తిస్తుందని అంది. ప్రభుత్వేతర సాయుధ బృందాల అకృత్యాలను తన పరిధిలోకి తెచ్చుకోవడానికి ఆ సంస్థకు 1991 దాకా పట్టింది.

వర్ణవివక్ష పాలన కాలపు అకృత్యాలను విచారించిన దక్షిణాఫ్రికా సత్య కమిషన్‌ను చూడండి. వర్ణవివక్ష మానవాళిపై నేరమని స్పష్టంగా చెబుతూనే, 1998 నివేదికలో విముక్తి ఉద్యమం చేసిన ఉల్లంఘనలనూ నమోదు చేసింది. దాన్ని ఆపమని, ఆ ఉద్యమాన్ని నడిపి అప్పటికి అధికారంలో ఉన్న ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ కోర్టుకెళ్లి ఓడిపోయింది. వర్ణవివక్ష పాలనలో చివరి అధ్యక్షుడు డి క్లెర్క్ కూడా కోర్టుకెళ్లాడు, తన గురించి రాసిన పేజీని నల్లరంగుతో కప్పించగలిగాడు. ఆ కమిషన్ రెండు పక్షాలనూ ఒక గాటన కట్టలేదు. వ్యవస్థగా నేరం ఎవరిదో చెప్పింది, ఏ పక్షం చేతిలో నష్టపోయినా బాధితుల సంగతీ రాసింది. మీరు భయపడుతున్న "రెండు వైపులా సమానం" ఇందులో ఎక్కడా లేదు.

అనన్య_బీఏ:
ముగ్గురికీ ధన్యవాదాలండీ. మొదటి, మూడో అంశాలు తిరగరాస్తాను. ఇంకొక్కటి: స్థానికంగా ఎవరూ పట్టించుకోకపోతే నివేదికను ఐక్యరాజ్యసమితికి పంపొచ్చా?

ధర్మాసనం:
రెండు దారులున్నాయి. మొదటిది ప్రత్యేక ప్రతినిధులు, కార్యబృందాలు, అంటే ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి నియమించే స్వతంత్ర నిపుణులు. స్థానిక కోర్టులన్నీ తిరిగి ఉండాలన్న షరతు లేదు, దేశం ఏ ఒప్పందంలో చేరకపోయినా పంపొచ్చు. వాళ్లు ప్రభుత్వానికి లేఖ రాస్తారు. మామూలుగా 60 రోజుల తర్వాత ఆ లేఖ, జవాబు వస్తే ఆ జవాబు బహిరంగమవుతాయి. ఫిర్యాదు పంపినవారి వివరాలు గోప్యంగానే ఉంచుతారు. బాధితుల పేరు మాత్రం సాధారణంగా ఆ లేఖలో ఉంటుంది. వద్దనుకుంటే పంపేటప్పుడే స్పష్టంగా రాయాలి. "నిజనిర్ధారణ" గారు చెప్పిన మూడు రకాల సమ్మతి ఇక్కడ అక్కరకొస్తుంది.

రెండోది పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక అమలును చూసే మానవ హక్కుల కమిటీకి వ్యక్తిగత ఫిర్యాదు. దేశం ఆ ఒడంబడికతోపాటు, ఇలాంటి ఫిర్యాదులకు వీలు కల్పించే దాని మొదటి ఐచ్ఛిక ప్రొటోకాల్‌లోనూ చేరి ఉండాలి. స్థానికంగా ఉన్న పరిహార మార్గాలన్నీ అయిపోయి ఉండాలి, లేదా అవి అసమంజసంగా ఆలస్యమవుతున్నాయని చూపాలి. ఆకాశరామన్న ఉత్తరాలు తీసుకోరు, కానీ పేరు బయటపెట్టొద్దని కోరవచ్చు. స్థానిక మార్గాలు ముగిసిన ఐదేళ్ల తర్వాత పంపితే ఆలస్యానికి కారణం చూపాల్సి రావచ్చు. ఎక్కువ ఫిర్యాదులు ఆగేది స్థానిక మార్గాల దగ్గరే, కాబట్టి కింది కోర్టు నుంచి వచ్చిన ప్రతి ఉత్తర్వు నకలునూ మొదటి రోజు నుంచే ఒక ఫైల్లో తేదీల వారీగా పెట్టుకుంటూ రండి.