నల్లగొండలో 40 లక్షల ఇల్లు: కొనాలా, అద్దెకే ఉండాలా?

రామగిరి అద్దెదారు:
రామగిరిలో రెండు గదుల పోర్షన్‌లో ఉంటున్నాము. అద్దె 8,500. హైదరాబాద్ రోడ్డు వైపు ఒక పాత ఇల్లు 40 లక్షలకు బేరానికి వచ్చింది. చేతిలో 10 లక్షలున్నాయి. మిగతా 30 లక్షలు బ్యాంకు 8.5 శాతం వడ్డీకి, 20 ఏళ్ల గడువుతో ఇస్తానంటోంది. "ఎన్నాళ్లని అద్దె కట్టి పరాయివాళ్ల అప్పు తీరుస్తావు?" అని మామగారు రోజూ అంటున్నారు. పెట్టుబడిగా ఇది మంచిదేనా?

లెక్కల పంతులు:
మామగారి మాట వినడానికి బాగుంది కానీ లెక్కకు నిలవదు. ఈఎంఐ సుమారు 26,035 అవుతుంది. మొదటి నెలలో అందులో 21,250 వడ్డీయే, అసలులో తగ్గేది 4,785. అంటే ఇంటివారికి 8,500 ఇస్తున్నందుకు బాధపడి, బ్యాంకుకు వడ్డీగానే అంతకు రెండున్నర రెట్లు కడతారు. ఇరవై ఏళ్లలో 62 లక్షలు దాటుతుంది. పత్రంలో 40 లక్షలు రాస్తే రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం, అంటే 3 లక్షలు. ఆ డబ్బు మీ లెక్కలోనే లేదు! అదే ఇంటిని నెలకు 10 వేలకు అద్దెకిచ్చినా ఏడాదికి 3 శాతమే. పన్ను మిగులుతుందంటారేమో, సొంతంగా ఉండే ఇంటి వడ్డీపై ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు పాత ఆదాయపు పన్ను విధానంలోనే ఉంది, కొత్త దానిలో లేదు.

మెట్టుగడ్డ:
పంతులుగారూ, మీ లెక్కలో నేల లేదు. గోడలు పాతబడతాయి, పెరిగేది గజం ధర. మహబూబ్‌నగర్‌లో మా నాన్నగారు చిట్టీ పాడి కొన్న స్థలమే ఈ రోజు మా చెల్లెలి చదువుకు అక్కరకు వచ్చింది. పైగా అద్దెకుంటే నెలనెలా మిగిలే 17,500 ఎవరు దాస్తారు? నేనైతే దాయలేను, నిజం చెబుతున్నాను.

లెక్కల పంతులు:
నేల ఎప్పుడూ పెరుగుతుందనే నేనూ యాదగిరిగుట్ట దారిలో 150 గజాలు కొన్నాను. తీరా చూస్తే అది అనుమతి లేని లేఅవుట్. 2020లో క్రమబద్ధీకరణకు వెయ్యి రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టాను. మొన్న వెళితే నా ప్లాటు నంబరు రాసిన హద్దురాయి కందిచేనులో దొరికింది. ఎర్రరంగు సగం పోయింది. రాయి ఉంది కదా అని సంతోషించి వచ్చాను.

బోరునీళ్లు:
ఇద్దరూ వడ్డీ దగ్గరే ఆగిపోయారు. ఏడేళ్లలో నాలుగు ఇళ్లు మారాను. పిల్లవాడి మంచం ప్రతిసారీ ఒక కాలు విరుగుతుంది. ఆ విసుగును ఏ శాతంలో రాస్తారు? నా మాటగా రామగిరి వారికి: ఉండటానికైతే కొనండి, లాభానికైతే వద్దు. కొనేముందు కృష్ణా నీళ్ల కనెక్షన్ ఉందా, బోరు మీదే ఆధారమా అని తప్పక చూడండి. మన జిల్లాలో ఫ్లోరైడ్ సంగతి వేరే చెప్పాలా? వర్షం పడిన మర్నాడు వెళ్లి స్లాబు కింద చెమ్మ చూడండి.

రామగిరి అద్దెదారు:
నిన్న వాన పడింది, ఈ రోజు వెళ్లాను. వంటగది మూలలో దోసెంత మరక. నల్లా కృష్ణా నీళ్లదే. 35 లక్షలైతే మాట్లాడదామని చెప్పి వచ్చాను. మామగారికి 21,250 అంకె రాసి చూపించాను. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని, "పెరట్లో మామిడిచెట్టు ఉందా?" అని అడిగారు.