బాలింతలకు డబ్బాపాలు కొనివ్వొచ్చా?

మోటు కుర్రాడు:
మాది ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా మోటు. ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా వైపు గొడవలకు ఇల్లూ చేనూ వదిలేసి వచ్చిన కోయ కుటుంబాలు కొన్ని ఊరి చివర గుడిసెలు వేసుకున్నాయి. బాలింతలు నెల తిరక్కుండానే భద్రాచలం వైపు మిరపకోతకు పోతున్నారు, చీకటితో ఆటో ఎక్కితే మళ్లీ దీపాలు పెట్టే వేళకే రావడం. బిడ్డ ఏడిస్తే ఏడేళ్ల అక్క గంజినీళ్లు పడుతోంది. అడిగితే పాలు పడట్లేదంటున్నారు. మా యూత్ వాళ్లం చందాలేసుకుని డబ్బాపాలు, సీసాలు కొందామనుకుంటున్నాం. ఏ కంపెనీది మంచిది?

జయపురం నర్సు:
ఏ కంపెనీదీ వద్దు తమ్ముడూ. పసిపిల్లల పాలపొడి, పాలసీసాల మీద వచ్చిన 1992 చట్టం ప్రకారం మీలాంటి వాళ్లు అనాథాశ్రమాలకు తప్ప అవి ఎవరికీ ఉచితంగా పంచకూడదు. చట్టం సంగతి అలా ఉంచు, ఆ గుడిసెలో సీసా ఉడకబెట్టేదెవరు, ఆ ఏడేళ్ల పిల్లా? వాగు నీళ్లు కలిపితే విరేచనాలు, డబ్బా అయిపోతుందని పల్చగా కలిపితే బిడ్డ చిక్కిపోతుంది, ఈలోగా తల్లికి నిజంగానే పాలు తగ్గుతాయి, ఎందుకంటే బిడ్డ తాగితేనే ఊరేది. 2017లో బంగ్లాదేశ్ చేరిన రోహింగ్యాల శిబిరాల్లోనూ డబ్బాలు పంచొద్దనే చెప్పి, తల్లులు పాలిచ్చుకోడానికి మరుగున్న చోటు కట్టారు. భయానికి, బెంగకు పాలు దిగడం కాసేపు ఆగుతుంది గానీ ఎండిపోవు. గంజి మాన్పించండి, ఆరు నెలల దాకా మంచినీళ్లు కూడా అక్కర్లేదు.

మిరపతోట మేస్త్రి:
ఇంకోటుంది. మిరప కోసిన చేత్తోనే రొమ్ము పట్టుకుంటారు, బిడ్డ మంటకు నోరు తీసేసి గుక్కపెట్టి ఏడుస్తుంది, వీళ్లు పాలు లేవనుకుంటారు. ఆ ఘాటు వట్టి నీళ్లకు పోదు. ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగాలి, రవిక కూడా మార్చాలి.

రాయగడ అమ్మ:
మా పాప డబ్బాపాలతోనే పెరిగింది, ఏం కాలేదే?

జయపురం నర్సు:
మీ ఇంట్లో గ్యాసు, శుభ్రమైన నీళ్లు ఉన్నాయి కదమ్మా. తల్లి లేకపోయినా, ఇవ్వలేని జబ్బు చేసినా డాక్టరు రాసిస్తారు, అది వేరే.

మోటు కుర్రాడు:
మరి పగలంతా ఎలా అక్కా?

జయపురం నర్సు:
తల్లి చేతులు కడుక్కుని తన పాలు పిండి, ఉడకబెట్టిన స్టీలు గిన్నెలో మూతపెట్టి నీడన ఉంచితే చల్లటి పూట నాలుగు గంటలు ఉంటాయి, ఎండల్లో అంతసేపు ఆగవు. ఉగ్గుగిన్నెతో పట్టాలి, సీసా వద్దు. దీంతో రోజంతా గడవదు, బిడ్డ చేను దగ్గరుంటేనే మేలు. చందా డబ్బుతో తల్లికి పప్పు, గుడ్లు కొనండి, బిడ్డల్ని చూసే ముసలమ్మకు కూలి ఇవ్వండి.

మిరపతోట మేస్త్రి:
గట్టు మీద నీడకి టార్పాలిన్ కూడా. రైతు ఒప్పుకోడు, పని ఆగుతుందంటాడు. నేను మాట్లాడతా, మీరూ ఇద్దరు రండి.