గోల్కొండ కాలం బొమ్మల కోసం సాలార్‌జంగ్ ఆయుధాల గ్యాలరీ: ఏది, ఎలా చూడాలి?

కుంచెపెట్టె:
అందరికీ నమస్కారం. 1687లో మొగలులు చేసిన గోల్కొండ ముట్టడి మీద పిల్లల పుస్తకానికి బొమ్మలు వేస్తున్నాను. సినిమా కత్తులు కాకుండా అసలు వస్తువుల్ని చూసి వేయాలని నా పట్టుదల. సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీ కోసమే ఒక పూట పెట్టుకోగలను. వరసగా వేలాడదీసిన కత్తుల్లో ఏది ఆ కాలానిది, ఏది ఆ తర్వాతిది అని కంటితో పోల్చుకోవచ్చా? కవచం ఒంటిమీద ఎలా కూర్చుంటుంది? అద్దం మీద మెరుపు పడకుండా ఫోటో తీయడానికి దారేమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

మూసీగట్టు:
ముందు వెళ్లే సంగతి చూద్దాం. శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో పొద్దున 10 నుంచి సాయంత్రం 5 దాకా. మెట్రోలో ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కితే సరి. సంచి కౌంటర్‌లో పెట్టాల్సి వస్తుంది, కాబట్టి స్కెచ్ పుస్తకం, రెండు పెన్సిళ్లు చేతిలోనే ఉంచుకోండి. ఫోటోల రూలు, టికెట్టు అక్కడే అడిగి తెలుసుకోండి, అవి మారుతుంటాయి. లోపలికి వెళ్లాక జనం ఎక్కువగా సంగీత గడియారం చుట్టూ, వీల్డ్ రెబెక్కా అనే పాలరాతి బొమ్మ చుట్టూ ఉంటారు. గడియారం గంట కొట్టే వేళకు అందరూ అటు పోతారు. మీరు అప్పుడు ఆయుధాల దగ్గర ఉండండి.

ఫోటో విషయం: ఫ్లాష్ వద్దే వద్దు. ముదురు రంగు చొక్కా వేసుకోండి, తెల్ల చొక్కా అద్దంలో మీకంటే ముందు కనిపిస్తుంది. అద్దానికి ఎదురుగా నిలబడకుండా కాస్త పక్కకు జరిగి, ఓరగా తీయండి. ప్రతి వస్తువుకీ మూడు ఫోటోలు చాలు: మొత్తం ఒకటి, పిడి ఒకటి, పిడీ అలుగూ (కత్తి రేకు) కలిసే చోటు ఒకటి. ఆ తర్వాత పక్కనున్న లేబుల్ కూడా తీయండి. లేకపోతే ఇంటికొచ్చాక ఏది ఏదో తెలియదు.

ఇక కత్తి. అందరూ అలుగునే చూస్తారు, మీరు పిడితో మొదలుపెట్టండి. తల్వారు, అంటే వంపు తిరిగిన కత్తి, దాని పిడి చివర పళ్లెం లాంటి గుండ్రటి బిళ్ల ఉంటుంది. ఆ బిళ్లకీ అడ్డుకొమ్ములకీ మధ్య పట్టు పొట్టిగా ఉంటుంది, చాలా పిడుల్లో 8 సెంటీమీటర్లకు అటూ ఇటూ. అప్పటివాళ్ల చేతులు చిన్నవని చెప్పేవాళ్లు ఉంటారు, నమ్మకండి. పిడికిలి బిర్రుగా బిగుసుకుని, కోత మణికట్టు నుంచి కాక భుజం నుంచి, లాగుతూ వచ్చేలా చేసిన పట్టు అది. మీ బొమ్మలో వీరుడు తల్వారును మణికట్టు తిప్పి ముందుకు పొడుస్తున్నట్టు వేస్తే తెలిసినవాళ్లకు అక్కడే తేడా కొడుతుంది.

మీ కథకు ఇంకా ముఖ్యమైనది ఫిరంగి కత్తి. తిన్నని, పొడవాటి యూరప్ అలుగుకు మనవాళ్లు బుట్ట పిడి బిగించి వాడినది. 1510 నుంచి గోవా పోర్చుగీసుల చేతిలో ఉండటంతో ఆ అలుగులు దక్కనుకు బాగా వచ్చాయి. వాటి మీద రెండు మూడు సన్నటి గాడులు పొడవునా ఉంటాయి, కొన్నిటిపై పరుగెత్తే తోడేలు గుర్తో, ఎదురెదురు నెలవంకల గుర్తో చెక్కి ఉంటుంది. మనవాళ్లు ఆ గుర్తుల్ని కూడా నకలు చేశారు, అంచేత గుర్తును చూడగానే యూరప్‌దే అనుకోవడానికి లేదు. బుట్ట పిడి చివర పొడుచుకొచ్చిన ఇనప కొమ్మను గమనించండి. రెండో చెయ్యి వేసి బలంగా కొట్టాలంటే పట్టు అదే. దాన్ని అలంకారంగా వేసి వదిలేయొద్దు.

మొగలు వైపు తల్వార్లు, గోల్కొండ వైపు తిన్నని కత్తులు ఎక్కువగా ఇస్తే చదివే పిల్లలకు రెండు పక్షాలూ తేలిగ్గా తెలుస్తాయి. నిజానికి రెండు వైపులా రెండూ ఉండేవి కాబట్టి అక్కడక్కడా కలపండి. నడుం గుడ్డలో దోపుకోవడానికి కటారి (పిడికిట్లో పట్టి పొడిచే బాకు) గానీ, చిలానం గానీ పెట్టండి. చిలానం రెండు వంపులు తిరిగిన బాకు, చాలావాటిలో పిడీ అలుగూ ఒకే ఉక్కు ముక్క. దక్కను వేషానికి అంతకంటే నప్పే బాకు లేదు.

కుంచెపెట్టె:
మూసీగట్టు గారూ, ఎంతో ఉపయోగం. ఒక్క సందేహం. ఆ గ్యాలరీలో ఔరంగజేబు, టిప్పు సుల్తాను పేర్లతో కత్తులున్నాయని విన్నాను. ఔరంగజేబు పేరున్నది ఎలా ఉందో అలాగే దించేస్తే ముట్టడి కాలానికి సరిపోతుంది కదా?

ఉక్కుమూస:
అలుగు సరిపోవచ్చు, పిడి సరిపోకపోవచ్చు. కారణం లక్క. మన కత్తుల్లో అలుగు తోక పొట్టిగా ఉంటుంది. బోలు పిడిలో కరిగించిన లక్క ముద్ద నింపి, తోకను అందులోకి దించి ఆరనిస్తారు. పిడిని వేడి చేస్తే లక్క మెత్తబడి అలుగు ఊడి వస్తుంది. కాబట్టి పిడి మార్చడం పెద్ద పనేం కాదు. ఒకే అలుగు రెండు మూడు తరాల్లో రెండు మూడు పిడులు చూసి ఉంటుంది. 17వ శతాబ్ది అలుగుకు 19వ శతాబ్ది పిడి ఉండటం మామూలే. లేబుల్ మీది పేరు ఎవరిదైనా, ఈ రెంటినీ విడివిడిగా చూడండి.

పోల్చుకోవడం ఇలా: పిడి నుంచి అలుగు మీదికి నాలుకలా దిగే చిన్న ముక్క కింద చూడండి. అక్కడ సందు ఉండి నల్లటి లక్క కనిపిస్తే, లేదా అలుగు నడిమి గీతా పిడి నడిమి గీతా ఒకే వరసలో లేకపోతే, ఆ రెండూ ఒకదానికొకటి పుట్టినవి కావని అనుమానించాలి. ఇది ఖాయమైన రుజువు కాదు, అనుమానానికి చాలినంత.

అలుగు మీద బంగారు చట్రంలో 'అసదుల్లా ఇస్ఫహానీ' అని సంతకం ఉంటే ఎగిరి గంతేయకండి. పర్షియా రాజు షా అబ్బాస్ కాలపు కమ్మరిగా ఆయనకు పేరు. ఆ తర్వాత చాలాకాలం ఎందరో ఆ పేరునే మంచి అలుగుకు ముద్రలా కొట్టారు. దాని పక్కనే నాలుగు గదుల చిన్న చతురస్రం కనిపిస్తే దగ్గరికి వెళ్లి చూడండి. అందులో 2, 4, 6, 8 అరబీ అంకెల్లో ఉంటాయి. 'బుదూహ్' అనే రక్ష అది. అలుగు మొదట్లో గోరంత చోటులో ఉంటుంది. మీ పుస్తకంలో ఒక పేజీ నిండా పెద్దది చేసి వేస్తే పిల్లలు ముచ్చటపడతారు.

ఇక ఉక్కు. ఇది మన గడ్డ సంగతి కాబట్టి కాస్త ఆగి చెబుతాను. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో (లోహం కరిగించే మట్టి పాత్రల్లో) తీసిన ఉక్కును కొనడానికి పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు. 1820ల్లో హెన్రీ వాయ్సీ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ ఊరికి వెళ్లి చూసి రాసిపెట్టాడు. రెండు రకాల ఇనుము కలిపి మట్టి మూసలో మూసేసి కరిగించేవారు. అందులో కర్బనం దాదాపు ఒకటిన్నర శాతం ఉంటుంది. మూస మెల్లగా చల్లారాక ఆ దిమ్మెను మసక ఎరుపు వేడిలో, ఓపిగ్గా, కొద్దికొద్దిగా సాగగొట్టాలి. అప్పుడు ఇనుము, కర్బనం కలిసిన గట్టి రేణువులు పొరలు పొరలుగా వరస కడతాయి. ఆమ్ల గుణమున్న మందుతో తుడిస్తే ఆ పొరలు తెల్లగా, మధ్యది నల్లగా తేలి నీటి అలల్లా కనిపిస్తాయి. అదే జౌహర్. కమ్మరి తొందరపడి తెల్లటి వేడికి తీసుకెళ్తే ఆ రేణువులు ఇనుములో కరిగిపోతాయి, అలలు పోతాయి, అలుగు కూడా సుత్తి కింద పగలొచ్చు.

గ్యాలరీలో జౌహర్ ఎదురుగా నిలబడితే కనపడదు. తలను మెల్లగా అటూ ఇటూ జరుపుతూ, దీపం వెలుగు అలుగు మీద ఓరగా జారే కోణం పట్టుకోండి. ఒక్క క్షణం అల లేస్తుంది, అప్పుడు అక్కడే నిలబడిపోండి. కొన్నిటిపై సమాన దూరంలో అడ్డపట్టీలు నిచ్చెన మెట్లలా ఉంటాయి. అలుగుకు అడ్డంగా గాట్లు పెట్టి, మళ్లీ సుత్తితో చదును చేస్తే వచ్చేవి అవి. అసలేమీ కనపడకపోతే అది మూస ఉక్కు కాదనకండి. ఎవరో పుణ్యాత్ములు తుప్పు వదిలించడానికి గీరి పాలిష్ పెట్టి ఉంటారు, దాంతో పై మెరుగంతా పోతుంది.

పిడి మీది బంగారం గురించీ ఒక మాట. కోఫ్త్‌గరీలో ఉక్కును ముందు గళ్లు గళ్లుగా సన్నగా గీరి, ఆ గరుకు మీద బంగారు తీగ పరిచి కొడతారు. అరిగిన చోట ఆ గీతలు బయటపడతాయి. లోతుగా గాడి చెక్కి తీగను కూర్చిన పనిలో ఆ గీతలుండవు, బంగారం ఉక్కుతో సమంగా గానీ కొంచెం ఉబ్బెత్తుగా గానీ ఉంటుంది. ఈ రెంటినీ బొమ్మలో ఒకేలా వేయకండి.

జిరాబక్తర్:
కవచం ప్రశ్నకు నేను చెబుతాను. ముందు గొలుసు చొక్కా. ఒక్కో కడియానికి నాలుగు కడియాలు దూరుతాయి. మంచి పాతదానిలో ప్రతి కడియం చివరలు చదును చేసి చిన్న రివెట్టుతో బిగించి ఉంటాయి, లేదా ఒక వరస రివెట్టువి, ఒక వరస అతుకులేనివి. 18, 19 శతాబ్దాల అలంకారపు చొక్కాల్లో చాలావాటికి రివెట్టు ఉండదు, చివరలు ఊరికే ఆనించి ఉంటాయి. ఇనుమూ ఇత్తడీ కలిపి ముగ్గులా అల్లినది కనిపిస్తే ఎక్కువగా ఆ రకమే. ఒక పోటుకే విచ్చుకునే చొక్కాను మీ 1687 సైనికుడికి తొడగకండి.

నిండు చొక్కా బరువు సుమారు 10 కిలోలు ఉంటుంది. నడికట్టు లేకపోతే ఆ భారమంతా భుజాల మీదే. బిగించి కడితే కొంత నడుం మీదికి దిగుతుంది, కట్టుకు పైన గొలుసు కొద్దిగా ఉబ్బుతుంది. ఆ ఉబ్బు వేస్తే బొమ్మలో బరువు కనిపిస్తుంది. మ్యూజియం దిమ్మకు తొడిగిన చొక్కా సంచిలా వేలాడుతుంది, దాన్ని యథాతథంగా దించొద్దు.

చార్ ఐనా అంటే నాలుగు పలకలు: ఛాతీకి, వీపుకి, రెండు పక్కలకి. గొలుసు చొక్కా మీద తోలు పట్టీలతో కట్టుకుంటారు. పక్క పలకల పై అంచు చంకకు సరిపడా లోపలికి వంపు తిరిగి ఉంటుంది. ఎక్కువమంది చిత్రకారులు ఆ వంపు మరిచి నాలుగూ ఒకేలా వేస్తారు, ఇక ఆ మనిషి చెయ్యి దించలేడు. శిరస్త్రాణం పెద్దగా అనిపిస్తుంది, ఎందుకంటే లోపలి బొంత టోపీ ఇప్పుడు లేదు. ముక్కు కమ్మీ పైకీ కిందికీ జరిగేదే. యుద్ధం లేని దృశ్యాల్లో పైకి జరిపి వేయండి.

డాలు మీది నాలుగు బుడిపెలు అందానికి మాత్రమే కాదు, లోపలి కడియాల్ని పట్టి ఉంచే మేకుల తలలు అవి. ఆ కడియాలకు కట్టిన రెండు పట్టీల్ని కలిపి ఒకే పిడికిట్లో పట్టుకుంటారు, వేళ్ల కణుపులు చిన్న దిండుకు ఆనతాయి. మోచేతికి తగిలించినట్టు వేస్తే అది యూరప్ డాలు పద్ధతి అవుతుంది. గ్యాలరీలో వెనకవైపు కనిపించేలా పెట్టిన డాలు దొరికితే దాని దగ్గర పావుగంట కూర్చుని గీయండి.

వత్తితుపాకి:
ముట్టడి అంటే తుపాకులు లేకుండా కుదరదు కదా. తోడాదార్ అంటే నిప్పు వత్తితో పేల్చే తుపాకి. తోడాదార్‌లో నిప్పు వత్తిని పట్టే కొక్కెం కట్టెలోని చీలికలోంచి లేచి ముందుకు, అంటే కాల్చేవాడికి దూరంగా, మందు గిన్నె మీదికి వంగుతుంది. వెనక్కి వేస్తే తప్పు. కట్టె సన్నగా, దాదాపు తిన్నగా ఉంటుంది, ఇప్పటి రైఫిల్లా వంపు వేయకండి. గొట్టాన్ని కట్టెకు తోలు పట్టీలతో గానీ తీగ చుట్లతో గానీ కడతారు. చిన్న గొలుసుకు వేలాడే సూది మందు రంధ్రంలో పట్టిన మసి తీయడానికి. అది లేకుండా తుపాకి నాలుగు సార్లు పేలడం కష్టం. మెలి తిప్పిన పట్టీలతో చేసిన గొట్టాల మీద చుట్లు చుట్లుగా కనిపించే గీతల్ని ఉక్కుమూస గారు చెప్పిన జౌహర్‌తో కలిపేయకండి. ఇవి అతుకుల గీతలు.

విల్లు వేస్తారేమో, ఒక చిన్న సంగతి. మొగలు విలుకాడు బొటనవేలితో లాగుతాడు. కుడిచేతి వాటంవాడైతే బాణం విల్లుకు కుడి పక్కన ఆనుతుంది, ఎడమ పక్కన కాదు. సాలార్‌జంగ్‌లోనే జేడ్ రాతి వస్తువుల గదిలో షాజహాన్ బిరుదు చెక్కిన బొటనవేలి ఉంగరం ఉంది. అది చూస్తే పట్టు అర్థమవుతుంది. అదే గదిలో జహంగీర్ బాకు, నూర్జహాన్ పండ్ల కత్తి కూడా ఉన్నాయి.

మూసీగట్టు:
ఇంకో పూట దొరికితే చౌమహల్లా ప్యాలెస్‌కు కూడా వెళ్లండి, అక్కడా ఆయుధాలు పెట్టారు, అక్కడా శుక్రవారమే సెలవు. చెన్నై ఎగ్మోర్ మ్యూజియంలో తంజావూరు ఆయుధశాల నుంచి వచ్చిన కటారులున్నాయి. పిడికిలి మీద తెరచాపలా లేచే రేకు వాటి ప్రత్యేకత. అవి దక్షిణాది నాయక రాజుల వైపువి కాబట్టి గోల్కొండ సైనికుడికి ఇవ్వకండి, చేతి పని మాత్రం చూసి తీరాలి. ఈ పుస్తకం చదివేవాళ్లెవరైనా ఇంగ్లండ్‌లో ఉంటే, లీడ్స్‌లో రాయల్ ఆర్మరీస్‌కు వెళ్లమనండి. మన దేశం నుంచి వెళ్లిన ఏనుగు కవచం అక్కడుంది, మిగిలిన భాగమే 118 కిలోలు. ఏనుగుల్ని వేసేటట్టయితే దాని ఫోటోలు వెతికి, పలకలు ఏ దిశలో ఒకదాని మీద ఒకటి పడ్డాయో ముందు చూసుకోండి.

కుంచెపెట్టె:
అందరికీ ధన్యవాదాలు. పిడి, లక్క సందు, డాలు వెనకవైపు, తోడాదార్ కొక్కెం: ఈ వరసలో గీసుకుంటాను. ఉక్కుమూస గారూ, కోనసముద్రం మూసలను కథ మొదట్లో ఒక పేజీగా పెట్టొచ్చా?

ఉక్కుమూస:
తప్పకుండా పెట్టండి. మూసను నోరు తెరిచి ఉన్న కుండలా వేయొద్దు, మట్టితో పూర్తిగా మూసేసినట్టు వేయండి. నోరు తెరిచి ఉంటే లోపలికి గాలి తగిలి ఆ కర్బనమంతా మండిపోతుంది, ఉక్కు రాదు.